సూట్‌కేసు మీద కూర్చున్న నాన్న

ఈ శుక్రవారం తెల్లవారుజామున మా ప్రయాణం. ఇంకా ఒక్క జత బట్టలు కూడా సర్దలేదు. సర్దుదామనే కూర్చున్నాను. కానీ ఇంకా పనికొస్తుందేమో చూద్దామని అటక మీంచి దింపిన పాత సూట్‌కేసు లోపలి జేబులో చెయ్యి పెడితే ముందు వేళ్లకి ఇసుక తగిలింది, తర్వాత నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తగిలింది. అంతే, ఆ కాగితం పట్టుకుని నేలమీద కూలబడి గంట దాటింది.

పెద్ద కాగితమేం కాదు, అయిపోయిన నెల క్యాలెండర్ షీటు వెనకవైపు అమ్మ రాసిన సామాన్ల లిస్టు. 2003 నాటిది. అప్పుడు నాకు పదహారేళ్లు, తమ్ముడికి పది. మేం నలుగురం కలిసి ఒక దీవికి వెళ్లింది అదే మొదలు, ఆ మాటకొస్తే అదే ఆఖరు కూడా. ఐదు రోజులున్నాం. లిస్టులో మొత్తం 41 వస్తువులున్నాయి, ఇప్పుడే లెక్కపెట్టాను. కొన్నిటి పక్కన ఒక నీలం టిక్కు, ఒక ఎర్ర టిక్కు ఉన్నాయి. నీలం అంటే మంచం మీదకి చేరిందని, ఎరుపు అంటే పెట్టెలోకి వెళ్లిందని. చాలావాటికి నీలమే ఉంది, ఎరుపు లేదు. దాని కథ తర్వాత చెప్తాను. అన్నిటికన్నా కింద నాన్న రాతలో "గొడుగు" అని ఉంది. దాన్ని అమ్మ కొట్టేసింది. దాని కింద మళ్లీ "గొడుగు". మళ్లీ కొట్టేసింది. మూడోసారి రాసి చుట్టూ గీత గీశాడు నాన్న. నోటితో ఒక్క మాటా అనుకోకుండా కాగితం మీదే జరిగిపోయిన గొడవ అది.

అమ్మ సర్దడం మొదలుపెట్టింది ప్రయాణానికి పది రోజుల ముందు. అప్పట్లో ఇప్పటిలా ఫోన్లో వెతికి అక్కడ ఈ వారం వాన ఉందా, గాలి ఎంత, ముందు వెళ్లొచ్చినవాళ్లు ఏమంటున్నారు అని చూసుకునే వీల్లేదు కదా. దీవి అంటే మాకు తెలిసిందల్లా గోడమీది బొమ్మే. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, నీళ్లమీదకి వంగిన ఒక్క చెట్టు. ఆ బొమ్మలో మనుషులుండరు, కాబట్టి వాళ్లేం వేసుకుంటారో, వెంట ఏం తెచ్చుకుంటారో తెలిసేది కాదు. అందుకని అమ్మ అన్నీ పెట్టింది. నాలుగు స్వెట్టర్లు పెట్టింది. అర్ధరాత్రి కూడా పాతిక డిగ్రీల దగ్గరే ఉండే చోటికి, స్వెట్టర్లు! ఇస్త్రీ పెట్టె పెట్టింది. ఎవరైనా ఫోటో తీస్తే బావుంటుందని మనిషికి రెండు జతల మంచి బట్టలు పెట్టింది. దుప్పట్లు పెట్టింది. నన్నడిగితే నేను రెండు జీన్స్ ప్యాంట్లు అన్నాను, ఒకటి నలుపు, ఒకటి నీలం. తమ్ముడు ఇసుకలో ఆడుకోవడానికి తన ప్లాస్టిక్ బకెట్టు అన్నాడు. బకెట్టు అంటే బొమ్మ బకెట్టు కాదండీ, స్నానాల గదిలో ఉండే అసలు బకెట్టు. చోటు వేస్టు కాకుండా దాన్నిండా సాక్సులు కుక్కి పెట్టవచ్చని వాడి ప్లాను. దీవికి ఎవరు సాక్సులేసుకుంటారని అప్పుడెవరికీ తట్టలేదు.

ప్రయాణం ముందురోజు రాత్రి తొమ్మిదింటికి నాన్న టికెట్లు బయటికి తీశాడు. అప్పటి టికెట్టంటే ఎర్ర కార్బను పూసిన పల్చటి కాగితాల పుస్తకం, ముట్టుకుంటే వేళ్లు ఎర్రబడేవి. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కాగితం తిరగేసి చదువుతున్నవాడు ఒకచోట ఆగిపోయాడు. పెద్ద విమానంలో మనిషికి 20 కిలోలు. ఆ సంగతి ముందే తెలుసు. కానీ అక్కణ్ణించి దీవికి ఇంకో చిన్న విమానం ఎక్కాలి, దాన్లో మనిషికి 15 కిలోలే. నలుగురికీ కలిపి 60.

బరువు చూసుకునే మిషన్ మంచం కింద ఉండేది. నాన్న ముందు ఒక్కడే ఎక్కాడు, 71. తర్వాత పెద్ద సూట్‌కేసు రెండు చేతులా గుండెకి హత్తుకుని ఎక్కాడు. పెట్టె అడ్డొచ్చి ముల్లు కనపడదు, అందుకని నేను నేలమీద బోర్లా పడుకుని ముల్లు ఎక్కడుందో అరిచి చెప్పాలి. తమ్ముడు నోటు పుస్తకంలో తీసివేతలు చెయ్యాలి. అలా ఒక్కో పెట్టె, ఒక్కో సంచీ. మొత్తం 73 వచ్చింది. తీసివేతల్లో తప్పుందేమోనని నాన్న మళ్లీ చేశాడు. మళ్లీ 73.

పదమూడు కిలోలు తగ్గించాలి, పొద్దున్న నాలుగింటికి బయల్దేరాలి.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగినంత బేరం నేను ఇంకెక్కడా చూడలేదు. స్వెట్టర్లు ముందు పోయాయి, అమ్మ మాత్రం ఒకటి ఉంచింది. ఇస్త్రీ పెట్టె తియ్యడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాన్న దాన్ని ఒక్కదాన్నే మిషన్ మీద పెట్టి "చూడు, కిలోన్నర" అన్నాడు. దానికి అమ్మ, "మరి మీ గొడుగో?" అంది. నాన్నది పొడుగు కర్ర గొడుగు, పెట్టెలో ఐమూలగా పెడితే తప్ప పట్టేది కాదు. చివరికి ఇస్త్రీ పెట్టె పోతే గొడుగూ పోవాలి అని ఒప్పందం. రెండూ బయటికి వచ్చాయి. దుప్పట్లు పోయాయి. బకెట్టు పోయింది, దాంతోపాటు సాక్సులూ పోయాయి, తమ్ముడు కాసేపు ఏడ్చాడు. నాన్న దుర్భిణీ, రెండు లావాటి పుస్తకాలూ పోయాయి. ఎర్ర టిక్కులు లేనివన్నీ ఆ రాత్రి పోయినవే. నా జీన్స్ మాత్రం పోలేదు. ఒంటిమీద ఉన్న బట్టలు తూచరు కదా అని నాన్నే ఉపాయం చెప్పాడు. నల్లది నేను వేసుకున్నాను, నీలంది పెట్టెలోకి వెళ్లింది. అమ్మ బరువైన బూట్లన్నీ మా కాళ్లకి తొడిగించింది. ఆ లెక్కన మేం బూట్లు, జీన్స్, ఒక స్వెట్టర్ వేసుకుని సముద్రానికి బయల్దేరాం.

ఇంత తీసేసినా జిప్పు పడలేదు. నాన్న సూట్‌కేసు మీద ఎక్కి పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. నేను ఒకవైపు, తమ్ముడు ఒకవైపు పోయి జిప్పు లాగుతుంటే, "నెమ్మది, పళ్లు విరుగుతాయి" అని పైనుంచి చెప్తూ ఉన్నాడు. జిప్పు మూల తిరిగేచోట ఒక్కసారి ఊపిరి బిగబట్టి ఇంకాస్త కిందకి నొక్కుకున్నాడు. పడింది. పడ్డాక కూడా కాసేపు దిగలేదు. దిగితే పెట్టె పేలిపోతుందేమో అన్నట్టు అలాగే కూర్చుని, అమ్మ వైపు చూసి నవ్వాడు. ఆ దీవిలో చూసిన సూర్యాస్తమయాలు ఐదూ నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇది మాత్రం అలాగే ఉంది, బల్బు వెలుతురుతో సహా.

ఇంతకీ పొద్దున్న బయటికి వచ్చి ఆటో ఎక్కాక చూస్తే నాన్న చేతిలో గొడుగు ఉంది. "చేతిలో పట్టుకున్నది సామాను కిందకి రాదు" అన్నాడు. అమ్మ విమానాశ్రయం దాకా మాట్లాడలేదు.

ఆ సూట్‌కేసు గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని అడుగున నాలుగు చిన్న చక్రాలు, ఒక మూల తోలు పట్టీ. ఆ పట్టీ పట్టుకుని మేకపిల్లను లాక్కెళ్లినట్టు లాక్కెళ్లాలి, మలుపు తిరిగితే పక్కకి పడిపోయేది. పెట్టెకి చక్రాలూ పట్టీ పెట్టి బెర్నార్డ్ శాడో అనే ఆయన 1972లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడని ఈమధ్యే చదివాను, మాది సరిగ్గా ఆ రకమే. ఇప్పుడందరూ లాక్కెళ్లే పొడుగు పిడి, నిలువు పెట్టె తర్వాత ఎప్పుడో 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారుచేసుకున్నది. ఏ రకమైనా దీవిలో ఒకటే. ఇసుకలో చక్రం తిరగదు. పడవ దిగాక నాన్న ఆ పెట్టెని నెత్తిమీద పెట్టుకుని నడిచాడు.

పడవకి ముందు చిన్న విమానం ఉందిగా. అక్కడ పెట్టెలు తూచారు, 59న్నర వచ్చింది, నాన్న ముఖం వెలిగిపోయింది. అయిపోయిందనుకున్నాం. అప్పుడు ఆ కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ, ఇప్పుడు మీరూ ఎక్కండి అంది. మనుషుల్ని కూడా తూస్తారు! అలాంటి దీవులకి తిరిగే ట్విన్ ఆటర్ లాంటి విమానాల్లో మహా అయితే 19 సీట్లుంటాయి, ఎవరి బరువు ఎంత, ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు వెనక అన్నది విమానం తూకానికి నిజంగానే లెక్కట. ఆ సంగతి అప్పుడు మాకేం తెలుసు. అమ్మ ఎక్కనంది. పరాయివాళ్ల ముందు ఎలా ఎక్కుతానంది. అంకె ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ కనపడదని చెప్పాక, చేతిసంచీ గబుక్కున నా చేతిలో పెట్టి ఎక్కబోయింది. సంచీతోనే ఎక్కాలట. సంచీ తీసుకుంది, ఎక్కింది, కళ్లు మూసుకుంది. రాత్రంతా మేం చేసిన తెలివైన పని, బరువంతా ఒంటిమీద వేసుకోవడం, అక్కడ గంగపాలైంది. బూట్లు, జీన్స్, స్వెట్టర్, గొడుగు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఎవర్నీ ఏమీ అనలేదు గానీ నాన్నని ముందు వరసలోకి, నన్ను వెనక్కి పంపారు.

పడవలో తమ్ముడి పరిస్థితి చెప్పను. వాంతులకి మాత్రలు లిస్టులో తొమ్మిదో వస్తువు, రెండు టిక్కులూ ఉన్నాయి, కానీ పెట్టె అడుగున ఉన్నాయి. ఆ మాత్ర బయల్దేరడానికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి, కడుపు తిరగడం మొదలయ్యాక మింగినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఏ ప్రయాణం వెళ్లినా ఆ మాత్రలు చొక్కా జేబులోనే. పడవ విషయంలో అమ్మ ఒక్క పని మాత్రం అద్భుతంగా చేసింది. పెట్టెలోని ప్రతి జతనీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ముడేసింది, ఎందుకు ఆ పిచ్చి అని మేం నవ్వాం. పడవ అంచుమీంచి నీళ్లు పడి పెట్టె పై అట్ట నానిపోయింది, లోపల బట్టలు పొడిగా ఉన్నాయి. ఇప్పుడు దానికి డ్రై బ్యాగ్ అని పేరుపెట్టి అమ్ముతున్నారు.

సన్‌స్క్రీన్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. నలుగురికి, ఐదు రోజులకి, 100 మి.లీ. ట్యూబు ఒక్కటి. ముఖానికి క్రీము రాసుకున్నట్టు బఠాణీ గింజంత తీసుకుని రాసుకునేవాళ్లం. నిజానికి పెద్దవాళ్లు ఒంటికంతటికీ ఒక్కసారి రాసుకోవడానికే సుమారు 30 మి.లీ. కావాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి, నీళ్లలోంచి వస్తే వచ్చిన వెంటనే రాసుకోవాలి. ట్యూబు మీద వేసే ఎస్పీఎఫ్ అంకె, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, చదరపు సెంటీమీటరుకి రెండు మిల్లీగ్రాముల చొప్పున మందంగా రాసి పరీక్షించి వేసినది. ఆ లెక్కన మా ట్యూబు మొదటిరోజు మధ్యాహ్నానికే అయిపోవాలి. మేం దాన్లో మూడోవంతు మిగిల్చి ఇంటికి తెచ్చాం! పొదుపుగా వాడామని అమ్మకి తృప్తి కూడా.

పైగా రెండోరోజు మబ్బు పట్టింది. ఎండ లేదుగా అని అసలు రాసుకోలేదు. ఆ రోజే కాలిపోయాం. పల్చటి మబ్బుల్లోంచి ఎండలోని ఒళ్లు కాల్చే యూవీ కిరణాలు 80 శాతం దాకా కిందకి దిగుతాయని, నీళ్లలో అర మీటరు లోతున ఉన్నా పైన ఉన్నదాన్లో 40 శాతం తగులుతూనే ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. చల్లగా ఉంది కదా అని మూడు గంటలు నీళ్లలో బోర్లా తేలుతూ చేపల్ని చూశాం. చేపలు మాత్రం, అబ్బ, ఏం రంగులో! సాయంత్రానికి నా వీపు మీద స్నానాల బట్ట పట్టీలు తెల్లగా మిగిలి మిగతాదంతా కందిపోయింది. అమ్మ భుజాలు, తమ్ముడి మెడ, మోకాళ్ల వెనక. ఆ మోకాళ్ల వెనక కాలితే నడవలేరు, తెలుసా?

నాన్న ఒక్కడే కాలలేదు.

ఎందుకంటే ఆయన ఐదు రోజులూ సముద్రపు ఒడ్డున ఆ నల్ల గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పొడుగు చేతుల చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, గొడుగు. చుట్టూ ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని పడుకుని ఉంటే మధ్యలో బస్సు కోసం చూస్తున్నవాడిలా మా నాన్న. నేనూ తమ్ముడూ కావాలని చాలా దూరంగా కూర్చునేవాళ్లం. గాలికి గొడుగు రెండుసార్లు తిరగబడి గిన్నెలా అయింది. రెండుసార్లూ లేచి, గాలికి ఎదురుగా తిప్పి, సరిచేసుకుని మళ్లీ కూర్చున్నాడు. ఒకావిడ వచ్చి ఏదో అడిగి ఫోటో కూడా తీసుకుని వెళ్లింది. నాకు ఇసుకలో దూరిపోవాలనిపించింది. పదహారేళ్ల వయసు మరి.

మూడోరోజు మేం ముగ్గురం వీపు ఆనించి పడుకోలేక గదిలో బోర్లా పడి మూలుగుతుంటే ఆయన తువ్వాలు చల్లటి నీళ్లలో తడిపి ఒకరి తర్వాత ఒకరికి వీపుమీద వేస్తూ తిరిగాడు. నేను చెప్పాను కదా అని ఒక్కసారన్నా అంటాడేమో అని చూశాను. అనలేదు. ఇంటికొచ్చాక తెలిసింది, ఆయన పాదాలు కాలాయట. గొడుగు నీడ అక్కడిదాకా రాలేదు. చెప్పుల పట్టీల గుర్తు పాదాల మీద నెలల తరబడి ఉండిపోయింది.

ఇక జీన్స్. నల్లది మొదటిరోజు పడవలో తడిసింది, ఆరేశాను. ఆరలేదు. మర్నాడూ ఆరలేదు. అక్కడ గాలి ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది, దాన్లో అప్పటికే నీటి ఆవిరి నిండా ఉంటుంది కాబట్టి బట్టలోని తడిని తీసుకోవడానికి దానికి చోటుండదు. సన్న నూలు చొక్కా అయితే గాలి ఆడే చోట ఆరుతుంది గానీ అంత మందం గుడ్డ ఎక్కడ ఆరుతుంది. మూడోరోజుకి వాసన మొదలైంది. నీలంది ఉంది కదా అని అది వేసుకుంటే సాయంత్రం వాన, పావుగంట వాన, ఎలా వచ్చిందో అలాగే పోయింది, రెండో జీన్స్ కూడా పోయింది. మిగతా రోజులన్నీ నాన్న లుంగీ, అమ్మ చొక్కా. ఆ తడి జీన్స్ రెండూ ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇంటికి తెచ్చి విప్పితే ఇల్లంతా... వద్దులెండి.

కాళ్లకి వేసుకునేవి కూడా తప్పే తెచ్చాం. అన్నీ బూట్లు, లేకపోతే హవాయి చెప్పులు. బూట్లలో ఇసుక, హవాయి చెప్పులు నీళ్లలో దిగగానే కాళ్లలోంచి ఊడి తేలుకుంటూ పోతాయి. చెప్పు వెనక పరిగెత్తి పగడపు దిబ్బ మీద కాలు వేశాను. చిన్న గీతే, రక్తం కూడా పెద్దగా రాలేదు, కానీ మూడు వారాలు మానలేదు. పగడం అంటే రాయి కాదు, ప్రాణం ఉన్నది, కోసుకున్నప్పుడు దాని పొడి, సన్నటి ముక్కలు గాయంలో ఉండిపోతాయి, మంచినీళ్లతో బాగా కడిగి చిన్న పట్టకారుతో తియ్యాలి. నా వల్ల దానికీ దెబ్బే, ఆ దిబ్బ పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో. మందుల డబ్బాలో అమ్మ జ్వరానికి, జలుబుకి, దగ్గుకి రెండేసి రకాలు పెట్టింది, పట్టకారు మాత్రం లేదు. లిస్టులో ఇప్పుడు నా పెన్నుతో రాశాను, 42: పట్టకారు.

కెమెరాకి ఫిల్మ్ రోళ్లు రెండు. ఒక్కోదాంట్లో 36. అంటే ఐదు రోజులకి 72 ఫోటోలు, రోజుకి పద్నాలుగు, రెండు అదనం. నాన్న నిజంగానే అలా పంచి లెక్క రాసుకున్నాడు. రోళ్లు పెద్ద పెట్టెలో వద్దు, ఎక్స్‌రేకి పాడవుతాయని ఎవరో చెబితే చేతిసంచీలో పెట్టుకున్నాడు. అది సరైన పనే, కింద వేసే సామాన్ల మిషన్లు ఇంకా గట్టివి. ఆ రోళ్లు వచ్చే నల్ల డబ్బాలు గుర్తున్నాయా, బూడిదరంగు మూతలవి? అమ్మ పాత డబ్బాల్లో పిన్నీసులు, సూది దారం, తలనొప్పి మాత్రలు పెట్టి తెచ్చింది. వాటిలో ఒక్క చుక్క తడి దూరలేదు. మొదటిరోజు ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీసి ఫోటో తియ్యబోతే లెన్సు మొత్తం పొగచూరినట్టు తెల్లగా అయిపోయింది. పాడైపోయిందని నాన్న కంగారుపడి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పట్టింది, మళ్లీ తుడిచాడు. చల్లటి అద్దం మీద తేమగాలి పట్టడమే, చల్లటి నీళ్లసీసా చెమర్చినట్టు. కవర్లో మూసి బయటికి తెచ్చి అరగంట ఆగితే సరిపోయేది. ఆ కంగారులో నొక్కిన నాలుగు ఫోటోలూ వచ్చాయి, తెల్లటి మంచులో మా అమ్మ నీడ. ఆల్బంలో నాకు అవే ఇష్టం.

తిరుగు ప్రయాణానికి సర్దడం ఇంకో కథ. వెళ్లేటప్పుడు పట్టిన సామానే వచ్చేటప్పుడు పట్టదు, అది ఏ ప్రయాణంలోనైనా అంతే, అందులోనూ తడి బట్టలు. తమ్ముడు ఐదు రోజులూ ఏరిన గవ్వలు, శంఖాలు మిగిలిన ఒక్క సాక్సులో వేసి ముడికట్టి బల్లమీద పెట్టాడు. రాత్రి పెట్టెలు సర్దుతుంటే ఆ సాక్సు నడవడం మొదలుపెట్టింది. అమ్మ కేక విని పక్కగది వాళ్లు వచ్చారు. ఒక శంఖంలో సన్యాసి పీత ఉంది. దానికి సొంత పెంకు ఉండదు, ఎవరో వదిలేసిన శంఖంలో కాపురముంటుంది, పెరిగేకొద్దీ పెద్ద శంఖం వెతుక్కుని మారుతుంది. నాన్న టార్చిలైటు పట్టుకుని తమ్ముణ్ణి తీసుకుని ఒడ్డుకి వెళ్లి మొత్తం సాక్సు అక్కడే బోర్లించి వచ్చాడు. ఖాళీవి ఎందుకు పారేశావని తమ్ముడు ఏడుస్తుంటే, "అవి రేపు ఎవరికో ఇళ్లు రా" అన్నాడు. అదే మంచిదైంది. వాడి దగ్గర తెల్ల పగడపు ముక్కలు కూడా ఉన్నాయి. రాతి పగడాలు అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నవి, అనుమతి కాగితం లేకుండా దేశం దాటిస్తే పట్టుకుంటారు.

ఇప్పుడు నా మంచం మీదకి వస్తే, ఇవాళ్టి సామాను వేరు. చేతిసంచీలో ద్రవాలు 100 మి.లీ.కి మించని సీసాల్లో, కనపడే జిప్ కవర్లో ఉండాలి. 2006లో మొదలైన ఆ గోల చాలా విమానాశ్రయాల్లో ఇంకా ఉంది. పవర్ బ్యాంక్ చేతిసంచీలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. దానికి నిప్పంటుకుంటే మనుషులున్నచోట అయితే ఆర్పుతారు, కింద సామాన్లలో అయితే చూసేదెవరు. నాది 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్ అవర్లు, 100 దాటలేదు కాబట్టి ఇబ్బంది లేదు. సన్‌స్క్రీన్ ఈసారి 200 మి.లీ. ట్యూబులు మూడు, పెద్ద పెట్టెలో. అవి కూడా జింక్ ఆక్సైడ్ రకం. పాత రకాల్లో ఉండే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు పగడాలకి చేటని హవాయిలో 2021 జనవరి నుంచి వాటి అమ్మకం ఆపేశారు, పలావు అనే దీవుల దేశంలో అంతకు ముందు ఏడాదే నిషేధం వచ్చింది. జింక్‌ది రాసుకుంటే ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. మా అమ్మాయి ఫోటోల్లో దెయ్యంలా ఉంటానని గొణుగుతోంది, గొణగనీ. దోమల మందు పగటికి కూడా పెట్టాను. అమ్మ అప్పుడు రాత్రికని వెలిగించే దోమల చుట్టలు పెట్టింది గానీ డెంగీ దోమ కుట్టేది పగలు. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు. ఈతకి పొడుగు చేతుల చొక్కాలు, వెనక పట్టీ ఉన్న నీళ్ల చెప్పులు. అమ్మాయికి పదమూడేళ్లు. దాని కుప్పలో రెండు జీన్స్ ఉన్నాయి. నేనేమీ అనలేదు. ఒకటి తీసి నెమ్మదిగా బీరువాలో పెట్టేశాను, రెండోది ఉండనిచ్చాను.

ఈసారి కూడా ఆఖరి మజిలీ చిన్న విమానమే, మనిషికి 15 కిలోలే. కొక్కెం ఉన్న చిన్న మిషన్‌కి పెట్టె తగిలించి ఎత్తితే అంకె దానంతటదే కనపడుతుంది, నేలమీద బోర్లా పడుకుని చదివే మనిషి అక్కర్లేదు. లిస్టు ఫోటో తీసి నాన్నకి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"తూచావా?" అన్నాడు, హలో కూడా అనకుండా.

"తూచాను నాన్నా. నాది పదమూడున్నర."

అవతల కాసేపు నిశ్శబ్దం. తీసివేత చేస్తున్నాడు.

"అయితే ఇంకా కిలోన్నర ఖాళీ ఉంది. గొడుగు పెట్టుకో."

వెనకనించి అమ్మ గొంతు వినిపించింది, "సముద్రానికి గొడుగేమిటండీ, దాన్నైనా వదిలెయ్యండి."